పలకలు వాపస్ అడిగిన మనిషి

పోయిన వారం మా సందు మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో ఆమె ఫోటో, ఏదో పెళ్ళిలో తీసింది, పక్కనున్నవాళ్ళ భుజం సగం కనబడుతోంది. కింద వ్యాపారుల సంఘం వాళ్ళు "సౌమ్యురాలు, మితభాషి, అందరి తలలో నాలుక" అని రాయించి అశ్రునివాళి అర్పించారు. చావింటికి పోతూ అది చదివి నేను ఫక్కున నవ్వాను. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు. ఏం చెయ్యను మరి? ఆమె నోటికి జడిసి పక్క సందులోంచి చుట్టు తిరిగి పోయినవాళ్ళే ఆ ఫ్లెక్సీకి చందా వేసుకున్నారు. అందులో ఒకాయన కొన్నేళ్ళుగా ఆమె దుకాణం వైపు తల తిప్పి చూసింది లేదు. ఇప్పుడు అడుగున నివాళులు అర్పిస్తున్న వాళ్ళ బొమ్మల్లో ఆయనదే అందరికంటే పెద్దది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే పైనుంచి దిగొచ్చి "నన్నడిగి రాసినవా?" అని నిలదీస్తుంది. బజారంతా సేటమ్మ అనేది, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక సన్న సందులో ఆమెది పుస్తకాల దుకాణం. పెన్నులు, పలకలు, అట్టలు, రంగు పెన్సిళ్ళు, బడికి కావలసినవన్నీ అమ్మేది. దాన్నానుకొని నాది జిరాక్స్ షాపు. మధ్యలో గోడ పేరుకే. ఆమె గిరాకీని, అంటే కొనడానికి వచ్చినవాళ్ళని, తిట్టేది నాకు వినబడేది, నా మిషన్ మొరాయించేది ఆమెకు వినబడేది. "నీ మిషన్ దగ్గుతాంది బిడ్డా, దవాఖానకు తీస్కపో" అని అటు నుంచి అరిచేది.

ఆమె ఎడమ చేతి మీద ఎప్పుడు చూసినా నీలం గీతలు, ఎర్ర గీతలు. పెన్ను అమ్మే ముందు కాగితం మీద కాక తన చేతి మీద గీసి చూసేది. "కాయితం మీద అన్ని పెన్నులు రాస్తయి. తోలు మీద రాస్తెనే పెన్ను" అనేది. ఇందులో నిజమెంతో నాకు తెలియదు, అడిగే ధైర్యం కూడా ఎప్పుడూ చెయ్యలేదు. పెన్సిల్ అయితే చెక్కకుండా ఇచ్చేది కాదు. బడులు తెరిచే రోజుల్లో సందు నిండా జనం నిలబడ్డా సరే, పిల్లల చేతికి పోయే ప్రతి పెన్సిల్‌కూ ముక్కు తీసి, దాన్ని తన బొటనవేలికి గుచ్చి చూసుకొని మరీ ఇచ్చేది. తల్లులు ఆలస్యమవుతోందని గొణిగితే, "మీ అందరికన్న ముందుగాల గా పిల్ల రాసుకోవాలె. జర ఆగుండ్రి" అనేది. తల్లి వచ్చి పిల్లకు పుస్తకం ఎంచబోతే, "రాసేది నువ్వా, పిల్లనా? నువ్వైతె చెప్పు, నీకు ఏరే చూపిస్త" అనేది. పిల్లలు మురిసిపోయేవాళ్ళు. తల్లులు మొహం మాడ్చుకొని మళ్ళీ అక్కడికే వచ్చేవాళ్ళు.

ఆమెకు చిన్న వయసులోనే భర్త పోయాడు. పదోరోజున గాజులు తీయించడానికి పెద్ద ముత్తైదువలు వస్తే తియ్యనివ్వలేదట. ఇది నేను విన్నది. ఆమె నోట విన్నది వేరు. ఒకసారి మాటల్లో అడిగితే, "గల్లపెట్టె కాడ గాజుల సప్పుడు లేకుంటె, లోపల మనిషి ఉన్నదో లేదో గిరాకీకి ఎట్ల ఎరుకైతది?" అంది. బొట్టు మాత్రం పెట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే "దురద పెడ్తది" అనేసింది. ఆచారం కొద్దీ మానలేదని చెప్పుకోవడానికి అలా అనేదని నా అనుమానం.

ఆమె దుకాణంలో గల్లపెట్టె పైన ఒక రేకు బోర్డు వేలాడేది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఈ బోర్డు మా బజారులో అన్ని దుకాణాల్లోనూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. గిరాకీ గట్టిగా నిలబడితే తీసుకుంటారు. ఈమె దగ్గర మాత్రం అది శాసనం. ఒకసారి హన్మకొండ నుంచి ఒక వకీలు సాబ్ వచ్చాడు. కొడుకుకు నచ్చలేదని కంపాస్ బాక్స్ వాపస్ ఇవ్వబోయాడు.

"సారూ, పైన రాసింది చదువొస్తదా మీకు?"

"మూత కూడ తియ్యలేదమ్మా."

"మూత తియ్యకుంటనే నచ్చలేదని ఎట్ల ఎరుకైంది? పిల్లగాడు పుడితె మొకం నచ్చలేదని దవాఖానల వాపస్ ఇచ్చొస్తరా?"

వకీలు కేసు వాదించకుండానే వెనుదిరిగాడు.

ఇంత మొండి మనిషి, ఒక ఎండాకాలం మొత్తం, తాను అమ్మిన సరుకు తనకు వాపస్ ఇవ్వమని ఊరంతా బతిమాలుతూ తిరిగింది. బతిమాలడమంటే ఆమె పద్ధతిలో బతిమాలడం. ఫ్లెక్సీ మీద ఆ ముక్క లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మా దగ్గర పిల్లకు అక్షరాభ్యాసం చేయిస్తే, ఆ పిల్లతో పాటు చుట్టుపక్కల పిల్లలకు కూడా పలకలు పంచుతారు. వెనుకటి రోజుల్లో రాతి పలక, ఒక బలపం ఇచ్చేవాళ్ళు. ఆ యేడు వసంత పంచమికి అందరూ మ్యాగ్నెట్ పలకల మీద పడ్డారు. తెల్లటి పలక, దాంతో పాటు డబ్బా నిండా ప్లాస్టిక్ అక్షరాలు. ఒక్కో అక్షరం వెనుక చిన్న అయస్కాంతం ముక్క. పలకకు అంటిస్తే అతుక్కుంటుంది, పీకితే వస్తుంది. చూడముచ్చటగా ఉండేవి, అబద్ధమెందుకు. ఇళ్ళవాళ్ళు కొన్నారు, పంచడానికి కొన్నారు, ఇంగ్లీషు బడుల వాళ్ళు నర్సరీ క్లాసుకని మూటలు కట్టించుకొని పోయారు. మా పాప బుజ్జికి అప్పుడు నాలుగో యేడు. దాని అక్షరాభ్యాసానికి నేనూ అదే కొన్నాను, పక్క దుకాణమే కదా.

ఒంటిపూట బడులు మొదలైన వారంలో పెద్దమ్మ ఫోన్ పట్టుకొని నా షాపులోకి వచ్చింది. ఏజెన్సీ ఆయన, అంటే ఆమెకు సరుకు పంపే హోల్‌సేల్ ఆయన, వాట్సాప్‌లో ఒక ఇంగ్లీషు కాగితం ఫోటో పెట్టాడు. "జర చదువు బిడ్డా, అక్షరాలు చీమల లెక్కున్నయి" అంది. చదివాను. పలకల కంపెనీ రాసింది అది. అక్షరాల వెనుక అయస్కాంతం సరిగా అంటుకోలేదు, ఊడి వస్తోంది. పిల్లలు మింగే ప్రమాదముంది. ఒకటి మింగితే బయటికి పోవచ్చు. రెండు మింగితే కడుపులో ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో పేగు ఇరుక్కుంటే చిల్లు పడుతుంది, ఆపరేషన్ చేయాలి, ప్రాణానికే ముప్పు. కాబట్టి అమ్మకాలు ఆపి పలకలన్నీ వెనక్కి తెప్పించండి.

"మళ్ళ చదువు."

మళ్ళీ చదివాను. కాగితం కింద ఏజెన్సీ ఆయన గొంతు రికార్డు చేసి పెట్టాడు. "సేటమ్మా, మిగిలిన డబ్బాలు ప్యాక్ చేసి పెట్టుండ్రి, మా వ్యాన్ వస్తది. అమ్మినయి అమ్మినయే, వాటి జోలికి పోకుండ్రి. బయట ఎవ్వలకు చెప్పకుండ్రి, ఊకె లొల్లి."

ఆమె తన దుకాణంలోకి పోయి ఒక డబ్బా విప్పింది. ఒక అక్షరాన్ని బోర్లా తిప్పి, వెనకున్న ముక్కను గోటితో ఇలా గిల్లింది. ఊడి చేతిలో పడింది. ఇంకొక అక్షరం తీసింది. అదీ అంతే. ఆ రెండు ముక్కలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే మెత్తటి తోలుకు ఇటొకటి అటొకటి పెట్టింది. అవి టక్కున కరుచుకున్నాయి. అలాగే వదిలేసి, వచ్చిన గిరాకీలకు నోటు పుస్తకాలిచ్చింది, చార్టులు చుట్టిచ్చింది. మధ్యాహ్నం ఎండెక్కాక నన్ను కేకేసింది. పీకి చూపించింది. అక్కడ తోలు తెల్లగా పాలిపోయి, చుట్టూ ఎర్రగా కమిలి ఉంది.

"ఇది పెన్నులు గీసి గీసి మొద్దువారిన తోలు. లోపట పసిపిల్ల పేగెట్లుంటదే?"

ఆ తర్వాత కుర్చీ ఎక్కింది. గల్లపెట్టె పైనున్న రేకు బోర్డును తీసి, రాత గోడవైపు తిప్పి మళ్ళీ తగిలించింది.

సాయంత్రానికి నోటీసు వెయ్యమంది. నేను కంప్యూటర్ ముందు కూర్చొని, చదువుకున్నదాన్ని కదా, "కొన్ని సాంకేతిక కారణాల వలన" అని మొదలుపెట్టాను.

"ఆగు. ఏందది?"

"మర్యాదగ ఉంటది పెద్దమ్మా."

"పిల్ల మింగేది సాంకేతిక కారణమా? మ్యాగ్నెట్ ముక్క మింగుతది. అదే రాయి. పేగు తెగుతదని రాయి. నేనే అమ్మిన అని పెద్దగ రాయి."

"మీరే అమ్మినరని ఎందుకు? కంపెనీ అని రాద్దాం."

"ఆళ్ళు నన్ను చూసి కొన్నరా, కంపెనీని చూసి కొన్నరా?"

అలాగే వేశాను. చౌరస్తా నుంచి మట్టెవాడ దాకా గోడలకు అంటించింది. కొందరు తెచ్చిచ్చారు. ఎక్కువమంది తేలేదు. సేటమ్మ వాపస్ తీసుకుంటోందంటే ఎవరు నమ్ముతారు? ఇదేదో కొత్త ఎత్తు, వాపస్ తీసుకొని ఎక్కువ ధరకు వేరేది అంటగడుతుందని బజార్లో పుకారు పుట్టింది. అది విని ఆమె తిట్టిన తిట్లు రాస్తే ఇది ఎవరూ అచ్చు వెయ్యరు.

అప్పుడు మైకు పెట్టించింది. ఉల్లిగడ్డలు అమ్మే ఆటో ఒకటి మాట్లాడుకొని, నా షాపులో కూర్చొని నా ఫోన్‌లో రికార్డు చేసింది. "అమ్మలారా, అక్కలారా, చౌరస్తా కాడ పుస్తకాల దుకాణమామెను మాట్లాడుతాన. మ్యాగ్నెట్ పలక నేనే అమ్మిన. దాని ఎనక ముక్క ఊడుతాంది. పిల్లలు మింగితె పానం మీదికొస్తది. ఇయ్యాలనే పట్టుకరాండ్రి, మీ పైసలు మీకిస్త. తేకుంటె నేనే మీ ఇంటికొస్త." చివరి మాట బెదిరింపులా ఉందన్నాను. "బెదిరింపే" అంది.

ఆటో అతను ఆమె రికార్డు వెనుకే తన ఉల్లిగడ్డల రికార్డు కూడా ఉంచేశాడు. పానం మీదికొస్తది, మీ ఇంటికొస్త అని ఆమె గద్దించగానే, ఎర్ర ఉల్లిగడ్డలు, గట్టి ఉల్లిగడ్డలు అని అతను అందుకునేవాడు. జనం సంచులు పట్టుకొని బయటికొచ్చి అయోమయంగా చూసేవాళ్ళు. ఎట్లైతేనేం బయటికొచ్చారు. ఒక చేత్తో పలక ఇచ్చి ఇంకో చేత్తో ఉల్లిగడ్డలు తీసుకొని పోయారు.

హన్మకొండలో ఒక ఇంగ్లీషు బడి వాళ్ళు, "ఇప్పుడు చెప్తే పేరెంట్స్ పరేషాన్ అయితరు మేడం, సెలవులల్ల చూసుకుంటం" అన్నారు. ఆమె సరేనని తలూపి బయటికొచ్చింది. సరిగ్గా బడి వదిలే వేళకు ఆటోను గేటు ముందు ఆపించి మైకు పెట్టించింది. తల్లిదండ్రులు లోపలికి తోసుకుపోయారు. మర్నాడు పొద్దున ఆ బడి నౌకరు పలకల మూట తెచ్చి దుకాణం మెట్ల మీద పడేసి పోయాడు.

మూడో రోజో నాలుగో రోజో ఏజెన్సీ ఆయన స్వయంగా వ్యాన్ వేసుకొని దిగాడు. నేను గోడకు చెవి పెట్టే పని లేకుండా గడపలోకి వచ్చి నిలబడ్డాను.

"ఏంది సేటమ్మా గిది? మైకు పెట్టి తిరుగుతాంటివి, ఊరంత మమ్ముల దొంగల లెక్క చూస్తాండ్రు."

"నీ పేరు తీసిన్నా? నేను అమ్మిన, నేనడుగుతాన."

"కంపెనీ వాళ్ళు ఫోన్ మీద ఫోన్. బద్నాం అయితాన్నం. మైకు బంద్ చేసి, మిగిలిన డబ్బాలు ఇటియ్యి, పోత."

"ఇస్తె ఏం చేస్తవ్?"

"కంపెనీకి పంపుత."

ఆమె నవ్వింది. వాపసు పోయిన సరుకు కొత్త స్టిక్కర్ వేసుకొని నర్సంపేట దిక్కు పల్లెల్లో తేలడం మా బజారుకు కొత్త సంగతి కాదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"జూన్ల సరుకు గావాల్నా, వద్దా? అది చెప్పు" అన్నాడు ఆయన.

  పుస్తకాల దుకాణానికి యేడంతా కలిపి పంట జూన్ నెలే. ఆ నెల సరుకు రాకపోతే మిగిలిన నెలలు ఈగలు తోలుకోవాలి. ఆమె అరలోంచి ఒక కంపాస్ తీసింది, పిల్లలు వృత్తాలు గీసేది. మిగిలిన డబ్బాల్లో ఒకటి విప్పి, ఆ కంపాస్ ముల్లుతో ఒక్కో అక్షరం వెనుక పొడిచి అయస్కాంతాన్ని పెకిలించి ఇనుప బకెట్లో వెయ్యడం మొదలుపెట్టింది. టక్, టక్ అని అవి బకెట్ గోడకు అతుక్కుంటుంటే ఏజెన్సీ ఆయన నోరు తెరుచుకొని చూశాడు.

"ఖరాబ్ చేసినంక కంపెనీ వాపస్ తీస్కోదు. నీకు పైస రాదు."

"నేను వాపస్ ఇస్తలేను. ఖతం చేస్తాన. ఈ ఖాళీ డబ్బాలు గావాల్నంటె తీస్కపో, నర్సంపేటల ఎవ్వలన్న కొంటరేమో."

వ్యాన్ ఖాళీగా పోయింది. జూన్‌లో ఆయన అన్నంత పనీ చేశాడు. మిగతా ఏజెన్సీలకు కూడా చెప్పి సరుకు రాకుండా చేశాడు. మా సందులో అన్ని దుకాణాల ముందూ జనం కొట్టుకుంటుంటే, ఆమె షట్టర్ పూర్తిగా ఎత్తి, ఖాళీ అరల ముందు కుర్చీ వేసుకొని కూర్చుంది. కనీసం సగం దించుకో పెద్దమ్మా, చూడలేకపోతున్నాం అన్నాను. "సగం దించితె లోపల కూసోని ఏడుస్తాన అనుకుంటరు" అంది. రాతి పలకలు, బలపాలు, చెక్కిన పెన్సిళ్ళు అమ్ముకుంటూ నెల గడిపింది. నాకు ఆ సందులో ప్రతి మనిషి మీదా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. తమ పిల్లలకు కూడా ఆ పలకలు వచ్చినవాళ్ళే, పక్క దుకాణాల్లో బేరాలాడుతూ ఆమె వైపు చూడకుండా పోయారు.

జూన్ సంగతి ముందే చెప్పేశాను. అంతకు ముందు, ఏప్రిల్‌లో, మా ఇంట్లో జరిగింది చెప్పాలి. ఎందుకంటే ఏజెన్సీ ఆయన కన్నా, ఇంగ్లీషు బడి కన్నా గట్టి మనుషులు ఆమెకు ఇళ్ళలో తగిలారు. పంచిన పలకలు వచ్చాయి కానీ, అక్షరాభ్యాసం చేయించిన పలకలు రాలేదు. పంతులు మంత్రం చదివి, పసుపు కుంకుమ పెట్టి, పిల్ల మొదటి అక్షరం పెట్టిన పలకను ఇంట్లోంచి బయటికి పంపితే చదువు దాంతో పాటే పోతుందని అందరి భయం. కాబట్టి భద్రంగా దేవుడి అర్రలో పెట్టారు. మా అత్త కూడా అందరిలాగే పెట్టింది. తాళం వేసి, శుక్రవారం శుక్రవారం తీసి, దండం పెట్టించి, బుజ్జిని దాంతో కాసేపు ఆడనిచ్చేది. నేను రోజూ పోట్లాడేదాన్ని. తాళంచెవి ఆమె కొంగున ఉండేది. మా ఆయన "దేవుని కాడ ఉన్నదానికి ఏమైతది?" అని తల్లి వైపు చేరాడు. ఒకరోజు ఇదంతా పెద్దమ్మకు చెప్పి ఏడ్చాను.

ఆమె లేచి నిలబడి షట్టర్ దించింది. మిట్టమధ్యాహ్నం ఆమె షట్టర్ దించడం నేనెప్పుడూ చూడలేదు. "నడువు" అంది.

మాది కొత్తవాడ. ముందు అర్రలో మా మామ జంపఖానాలు నేసే మగ్గం ఉంటుంది, దాన్ని దాటుకొని లోపలికి పోవాలి. మామ ఊళ్ళో లేడు. అత్త సేటమ్మను చూసి కంగారుగా చాప వేసింది, మంచినీళ్ళిచ్చింది.

"నీళ్ళకు రాలె వదినె. పలక తే."

అత్త మొహం బిగుసుకుంది. "సదువుల తల్లి కాడ పెట్టింది ఎట్లిస్తం సేటమ్మా? పంతులు మంత్రం చదివిండు. అది గడప దాటితె పిల్లకు సదువెట్లొస్తది?"

"పంతులు పలకకు చదివిండు. ఎనక గమ్ముకు చదవలె. అది ఊడొస్తాంది."

"నా కండ్ల ముందటనే ఆడుకుంటది. తాళమేసి పెడ్త."

"మంచిది. తీస్కరా. అన్ని ముక్కలు సక్కగున్నయని చూపియ్యి. ఉంటె లేసి పోత. మళ్ళ జన్మల నీ గడప తొక్క."

అత్తకు పౌరుషం వచ్చింది. తాళం తీసి, పలకనూ డబ్బానూ తెచ్చి ముందు పెట్టింది. తానే ఒక్కో అక్షరాన్ని బోర్లా తిప్పి చూపించసాగింది. ఇదిగో ఉన్నది, ఇదిగో ఉన్నది. సగం దాటాక ఒక అక్షరం వెనుక ఉత్త గుంట కనబడింది. అత్త చెయ్యి ఆగిపోయింది. గబగబా మిగిలినవన్నీ తిప్పింది. ఇంకొక గుంట.

డబ్బా కుమ్మరించాం. చాప దులిపాం. దేవుడి అర్ర అంతా ఊడ్చాం. లేవు. బుజ్జి గోడకు ఆనుకొని ఏదో నములుతోంది. నేను అరిచిన అరుపుకు అది బిత్తరపోయింది. నోట్లో వేలు పెట్టి తీస్తే పుట్నాలు. "మింగినవా? ఏడ పెట్టినవే? మింగినవా?" అని నేను దాని భుజాలు పట్టి కుదిపేశాను. అత్త "అయ్యో, అయ్యో" అని నెత్తి కొట్టుకుంటోంది. పిల్ల నోరు తెరిచి ఏడుపు లంకించుకుంది తప్ప ఒక్క మాట చెప్పదు. మొన్నటి నుంచి అన్నం సరిగా తినడం లేదని అప్పుడే గుర్తొచ్చింది. 

"ఇద్దరు బయటికి పోండ్రి" అంది పెద్దమ్మ. మేం కదలలేదు. "నోరన్న మూసుకోండ్రి."

ఆమె నేల మీద చతికిలబడి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఒక అయస్కాంతం ముక్క తీసింది. అరచేతిలో పెట్టుకొని, ఎవరితోనూ కానట్టు, "దీనికి దోస్తులు లేరు. ఒక్కతే అయింది. ఏడున్నరో ఎవ్వలకు ఎరుక" అంది. బుజ్జి ఏడుపు కాస్త తగ్గింది. ఆమె చేతి మీది రంగు గీతలు చూసింది. ముక్కు చీదుకుంటూ వచ్చి ఆమె వేలు పట్టుకుంది. లాక్కుంటూ ముందు అర్రలోకి తీసుకుపోయింది. మగ్గం కిందికి దూరి చెయ్యి చూపించింది. అడుగున ఇనుప కడ్డీకి, నూలు పీచు అంటుకొని, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి కరుచుకొని ఉన్నాయి.

"అవి ఇడుస్తలెవ్వు" అంది బుజ్జి. "పండ్లతోని గూడ గుంజిన."

మా అత్త ఉన్నచోటే కూలబడింది.

పెద్దమ్మ ఆ ముక్కల్ని పీకి సంచిలో వేసుకుంది. పలక, డబ్బా చంకన పెట్టుకుంది. ఈసారి అత్త అడ్డు చెప్పలేదు. కానీ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. పిల్ల దక్కిందని ఏడుస్తోందనుకున్నాను. అదీ ఉంది. "మొదలు పెట్టిన అక్షరం ఇంట్లకెల్లి పోతాంది. మళ్ళ పంచమి ఎప్పుడొస్తది, మళ్ళ పంతులు ఎప్పుడొస్తడు?" అంటోంది. నాకు ఒళ్ళు మండి ఏదో అనబోయాను. పెద్దమ్మ చేత్తో వారించింది. ఆమెకు ఆ భయం తమాషాగా అనిపించలేదని అప్పుడే అర్థమైంది.

"పంతులెందుకు? బియ్యం తే. నేను దిద్దిస్త."

 భర్త పోయిన మనిషి చేత పిల్లకు అక్షరాలు దిద్దించడం మా ఇళ్ళలో ఎవరూ వినలేదు. పైగా మంగళవారం, మిట్టమధ్యాహ్నం. అత్త తల దించుకుంది. ఎవరం ఏమీ అనకపోయినా ఆమెకు వినబడింది.

"నాకు బొట్టు లేదనే గద వదినె నీ ఫికర్? చెయ్యున్నది. అక్షరాలొస్తయి. గీ ఊళ్ళె సగం మంది పిల్లలు నేను చెక్కిచ్చిన పెన్సిల్తోనె రాస్తాండ్రు, ఎవ్వలకన్న సదువు రాకుంట పోయిందా?"

అత్త లేచి లోపలికి పోయింది. తలుపు దగ్గరికేసుకుంది. ఇక రాదనుకున్నాను. పెద్దమ్మ కూడా అలాగే అనుకున్నట్టుంది, పలక సర్దుకొని లేవబోయింది. తలుపు తెరుచుకుంది. అత్త ఇత్తడి పళ్ళెం నిండా బియ్యం పోసుకొని వచ్చింది. పళ్ళాన్ని ఆమె ముందు పెట్టి, బుజ్జి తల నిమిరి, తానే దాన్ని ఎత్తి ఆమె ఒడిలో కూర్చోబెట్టింది.

రంగు గీతల చెయ్యి చిన్న చెయ్యిని పట్టుకుంది. ఓం నమః శివాయ అని బియ్యంలో దిద్దించింది. తర్వాత అ అని దిద్దించింది. బుజ్జి నవ్వుతూ వంకర టింకరగా లాగేస్తుంటే, "సక్కగ రాయి, ఆగమాగం రాస్తె ఎవ్వలకు అర్థమైతది?" అని ఆ పూట కూడా కసిరింది. గాజులు గలగలమన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఆమె పలక చంకన పెట్టుకొని ఎండలో నడుచుకుంటూ పోయింది. ఇంకా తీసుకోవలసిన ఇళ్ళున్నాయంది. ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, పక్కింటావిడ గడపలోకొచ్చింది. కిటికీలోంచి అంతా చూసినట్టుంది.

"ఏందక్కా, గామెతోని దిద్దిచ్చినవా? అది మంచిగుంటదా?"

మా అత్త పుట్టి బుద్ధెరిగాక పంచాంగం చూడకుండా గడప దాటని మనిషి. పళ్ళెంలో బుజ్జి రాసిన అక్షరాలు చెరిగిపోకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకొని, ఆమె మొహం మీదే అంది.

"నా మనుమరాలు నా కండ్ల ముందట ఉన్నది. ఇంకేం మంచి గావాలె నీకు?"

అని కాలితో తలుపేసింది.